అడిగితేనే చెప్పాలి

మా బావ దృష్టిలో లోకంలో దొంగలు రెండే రకాలు. బండి బాగుచేసేవాళ్ళు ఒక రకం, ఒళ్ళు బాగుచేసేవాళ్ళు రెండో రకం. "మెకానిక్ చేతికి బండినీ, డాక్టరు చేతికి ఒంటినీ ఇచ్చి బాగుపడినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు, ఈ మీసం తీయించేస్తా" అనేవాడు. ఆ మాట ఎక్కడ అనేవాడంటే, సరిగ్గా నా షెడ్డు ముందు నిలబడి. నేను డీజిల్ లారీల మెకానిక్‌ని. ఆయన నా సొంత అక్క మొగుడు.

ఆయనకి ఒక లారీ ఉంది. దానికి ఆయనే యజమాని, ఆయనే డ్రైవరు, ఆయనే క్లీనరు, ఆయనే మెకానిక్. బండి ఎక్కడ మూలిగితే అక్కడే ఆపి, సీటు కింది నుంచి ఇనప పెట్టె లాగి, నేల మీద గోనెపట్టా పరుచుకుని కిందికి దూరేవాడు. మా వీధిలో షెడ్లన్నీ ఒకే వరసలో ఉంటాయి. ముందు నాది, పక్కన వెల్డరుది, ఆ పక్కన టైర్లాయనది, చివర టీ బడ్డీ. బావ రిపేరు మొదలుపెట్టాడంటే మాకందరికీ కాలక్షేపం. అంతా అయ్యాక ఎన్ని బోల్టులు మిగులుతాయా అని పందెం వేసుకునేవాళ్ళం. ఓడినవాడు టీ పోయించాలి. వెల్డరు ఎప్పుడూ మూడు అనేవాడు, ఎక్కువసార్లు వాడే గెలిచేవాడు. మిగిలిన బోల్టులు జేబులో వేసుకుని బావ "కంపెనీవాడు ఎక్కువ పెట్టి పంపాడు" అనేవాడు. అయినా బండి నడిచేది. మా ఏడుపంతా అదే.

నాకు పని నేర్పిన మేస్త్రి ఇప్పుడు ముసలివాడైపోయాడు. పని మానేసి, సాయంత్రాలు టీకి మాత్రం వస్తుంటాడు. ఆయన ఎడమచేతికి మూడే వేళ్ళు. నేను పనిలో చేరిన రోజున రెండు సంగతులు చెప్పాడు. పానా పట్టుకున్నవాడికి అడగని సలహా చెప్పకు, బాగైతే వాడి తెలివి, చెడితే నీ నోటి చలవ అన్నది మొదటిది. మా వరస మొత్తానికీ అదే చట్టం. పక్కవాడు విప్పిన బండిలో తప్పు కళ్ళకి కనపడుతున్నా, వాడు తలెత్తి "ఇదేమిటి?" అని అడిగేదాకా మేం పెదవి విప్పం. అడగనిదే అమ్మైనా పెట్టదు, మెకానిక్ ఎందుకు పెడతాడు?

రెండోది, నడుస్తున్న ఇంజను పైపుల మీద చెయ్యి పెట్టకు అని. డీజిలుని ఇంజనులోకి కొట్టే ఆ సన్నటి ఉక్కు పైపుల్లో జోరు ఎంత ఉంటుందంటే, వెంట్రుకంత బీట పడినా చాలు. అందులోంచి వచ్చే ధార కంటికి కనపడదు, చర్మంలోకి మాత్రం సూదిలా దిగిపోతుంది. అందుకే లీకు వెతకాలంటే అట్టముక్క అడ్డం పెడతాం. అట్ట మీద ఎక్కడ తడి మరక పడితే లీకు అక్కడున్నట్టు. మేస్త్రి రెండు వేళ్ళూ అట్టముక్క పెట్టని ఒక రోజున పోయినవే. "నెత్తురు రాదురా, నొప్పీ ఉండదు. చుక్కంత గుర్తు. నవ్వుకుని పని చేసుకున్నాను. సాయంత్రానికి డాక్టరు రెండు వేళ్ళు తీసి పళ్ళెంలో పెట్టాడు. వెంటనే వచ్చుంటే కోసి, కడిగి, కుట్టేసేవాణ్ణి కదయ్యా అన్నాడు" అని చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా ఆ మూడు వేళ్ళ చెయ్యి మా ముక్కుల ముందు ఆడించేవాడు.

ఇక బావకీ నాకూ మధ్య సంగతి. రెండేళ్ళ కిందట ఆయన జ్వరంతో పడుకుంటే, అక్క బతిమాలితే, ఆయన పాత లారీలో డీజిలు అందించే ఫీడు పంపు నేను విప్పి సరిచేశాను. జ్వరం తగ్గి వచ్చిన మనిషి బానెట్టు ఎత్తి చూసి, వరసంతా వినేలా కేకలు పెట్టాడు. "నా కొత్త పంపు కొట్టేసి పాతది బిగించాడయ్యా! పెళ్ళాం తమ్ముడే దొంగైతే ఇంక ఎవడికి చెప్పుకోను?" వెల్డరు మొహం తిప్పుకున్నాడు. టైర్లాయన కిసుక్కున నవ్వాడు. బేరానికి వచ్చిన ఇద్దరు డ్రైవర్లు నా దగ్గర ఆపిన బళ్ళు మెల్లగా ముందుకి పోనిచ్చుకున్నారు. నేను పానాలు ఏరుకుని షెడ్డులోకి వెళ్ళిపోయాను.

నెల తిరిగాక ఆ కొత్త పంపు, కట్టిన కట్టు విప్పకుండా, ఆయన సీటు కిందే దొరికింది. కొని, బిగించడం మరిచిపోయాడట. "భలే జరిగిందిలే బామ్మర్దీ!" అని నా వీపు మీద ఒక్కటి చరిచి వెళ్ళిపోయాడు. వరసంతా వినేలా అరిచిన నోరు, తప్పైపోయిందని నా చెవిలో కూడా అనలేదు. ఆ తర్వాత ఆయన బండి నేను ముట్టుకోలేదు, ఆయన ముట్టుకోమనీ అనలేదు. పానా అడిగేవాడు, జాకీ అడిగేవాడు. మాట మాత్రం అడిగేవాడు కాదు. నేను మంచివాణ్ణని చెప్పుకోవడానికి ఇదంతా చెప్పడం లేదు. ఆ దొంగ అన్న మాటని కడుపులో పెట్టుకుని రెండేళ్ళు మేపాను.

ఈ మధ్య బావ పాత లారీ అమ్మేసి ఇంకోటి కొన్నాడు. అదీ ఎవరో వాడినదే గానీ, కొత్త రకం ఇంజను. పాతవాటితో పోలిస్తే దీని పైపుల్లో జోరు ఎన్నో రెట్లు. ఆయనేమో పాత బండి మీద ఇరవై ఏళ్ళు ఒట్టి చేత్తో తడిమి లీకులు పట్టిన మనిషి. అన్నేళ్ళు ఏమీ కాకపోవడం ఆయన అదృష్టం. ఆయన దాన్ని అనుభవం అనుకున్నాడు.

ఒకరోజు పొద్దున్న పది దాటాక బండి తెచ్చి నా షెడ్డు ఎదురుగా ఆపాడు. డీజిలు కంపు కొడుతోంది, బరువు లాగడం లేదు. ఇంకెక్కడైనా ఆపుకోవచ్చు, కానీ చూసేవాళ్ళు లేకుండా గొప్ప పని చేయడం ఆయనకి చేతకాదు. స్టీరింగు దగ్గర అక్క కూర్చుంది. ఆయన "కొట్టు" అంటే స్టార్టు చేయడం, "ఆపు" అంటే ఆపడం ఆవిడ పని. పెళ్ళయిన నాటి నుంచీ అదే పని.

"ఏరా బామ్మర్దీ, పద్నాలుగో నంబరు పానా ఉందా?"

"ఉంది బావా."

"ఇలా పడెయ్. నీకెలాగూ పనిలేదుగా."

నా ముందు గేరుబాక్సు ముక్కలుముక్కలుగా విప్పి ఉంది. పానా విసిరాను. వెనక నుంచి వెల్డరు "మూడు" అన్నాడు, టైర్లాయన "రెండు" అన్నాడు. నేను ఐదన్నాను.

బావ బానెట్టు ఎత్తి, పైపులన్నీ గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. "కొట్టవే" అన్నాడు. ఇంజను అందుకుంది. కంపు కొడుతోంది గానీ, ఎక్కడా చుక్క కారడం లేదు. ఆయన వంగి, ఆవు మెడ నిమిరినట్టు, మొదటి పైపు మీద చెయ్యి వేశాడు.

నేను ఆరడుగుల దూరంలో ఉన్నాను. నా చేతిలో అట్టముక్క ఉంది. ఉక్కగా ఉందని దాంతోనే విసురుకుంటున్నాను. ఆయన చెయ్యి మొదటి పైపు దాటింది, రెండోదాని మీదికి వెళ్ళింది. "బావా, చెయ్యి తియ్" అంటే మూడంటే మూడు మాటలు. నోటిదాకా వచ్చాయి. అంతలో నా చెవిలో వేరే గొంతు వినిపించింది, పెళ్ళాం తమ్ముడే దొంగైతే అని. అడగలేదుగా అనుకున్నాను. విసురుకుంటూ నిలబడ్డాను.

మూడో పైపు దగ్గర ఆయన చెయ్యి చటుక్కున వెనక్కి వచ్చింది. "అబ్బ!" అని చూపుడువేలు చూసుకున్నాడు, బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు, ప్యాంటుకి రాసుకున్నాడు. "చీమ కుట్టినట్టు కుట్టిందిరా. దొరికింది దొంగముండ, ఇదిగో ఇక్కడుంది! ఆపవే!" అన్నాడు.

బీట పడిన పైపు విప్పాడు. బండి కొన్న కొత్తలో పాత సామాన్ల కొట్టులో ఏరుకొచ్చిన అలాంటి పైపే పెట్టెలోంచి తీసి బిగించాడు. పన్నెండు కాకముందే బండి కంపు లేకుండా, పొగ లేకుండా తిరుగుతోంది. ఒక్క బోల్టు మిగల్లేదు. రెండు చేతులూ పైకెత్తి వరసంతటికీ చూపించాడు. "నాకు తెలుసురా మీ పందేలు. అందరూ ఓడిపోయారు, నాకు టీ పోయించండి!" నిజంగానే పోయించాం. గ్లాసు నేనే అందించాను. అప్పుడు చూశాను, కుడిచేతి చూపుడువేలు మొదటి కణుపు మీద సూదిమొనంత చుక్క. నెత్తురు లేదు. దిగి గంటన్నర అయింది. ఇంకా బోలెడు టైముంది.

"పదరా, ఇంట్లో తిందువుగాని. పనిచేసేవాణ్ణి చూసీ చూసీ అలిసిపోయి ఉంటావు" అన్నాడు. అక్క కూడా రమ్మంది. వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నిజం చెప్పాలంటే, చూడటానికి వెళ్ళాను.

వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందుగదిలోనే బల్ల, దాని మీద పువ్వుల ప్లాస్టిక్ గుడ్డ, కిటికీలోంచి చూస్తే గుమ్మానికి ఎదురుగా ఆపిన లారీ. బావ నాకు ఎదురుగా కూర్చున్నాడు. నాలుగు ముద్దలు మామూలుగా తిన్నాడు. ఐదో ముద్దకి చూపుడువేలు వంగలేదు. దాన్ని పక్కకి తప్పించి మిగిలిన వేళ్ళతో తింటున్నాడు. అక్క చూసింది.

"అదేమిటి, వేలు అలా పాలిపోయింది?"

"తిమ్మిరి. పొద్దుట్నుంచీ పానా పట్టుకుని."

"వాచింది కూడా. ఒకసారి డాక్టరుకి చూపించు."

"సూదిపోటుకి డాక్టరా? వాడు దానికి పది పరీక్షలు రాస్తాడు. నా ఒంటికి నేనే మెకానిక్‌ని." లేచి చెయ్యి కడుక్కుని, చొక్కా జేబులోంచి కరెంటు వైర్లకి చుట్టే నల్లటేపు తీశాడు. పళ్ళతో తెంపి, వేలికి గట్టిగా రెండు చుట్లు చుట్టాడు. "ఇదిగో, లీకు బంద్" అని తనే నవ్వాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, మా బావకి. నవ్వి, నా వైపు తిరిగాడు.

"ఏరా బామ్మర్దీ, మీ షెడ్లలో ఇలాంటివి రోజూ అవుతూనే ఉంటాయి కదా?"

అడిగాడు. రెండేళ్ళలో మొదటిసారి నన్నొక మాట అడిగాడు. అక్క గరిటె పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది. ఆవిడ వెనక గోడ గడియారం ఒంటిగంటా పది. అడిగిన తీరులో వెటకారం ఉన్నమాట నిజమే. కానీ ఆ వెటకారం కింద ఇంకోటుంది. భయం. ఇరవై ఏళ్ళుగా ఆయన మొహంలో నేను చూడనిది. నాకది ఎంత నచ్చిందో చెప్పలేను. ఇంకాసేపు ఉండనీ అనిపించింది.

"అవుతుంటాయి బావా" అన్నాను.

"విన్నావా?" అన్నాడు అక్కతో. అక్క ఊపిరి పీల్చుకుని నాకు ఇంకో గరిటెడు కూర వేసింది. నేను తిన్నాను.

షెడ్డుకి వచ్చి గేరుబాక్సు ముందు కూర్చున్నాను. నా లెక్క నాకుంది. మూడింటికల్లా నొప్పి మొదలవుతుంది. ఆ చెయ్యి పట్టుకుని నా షెడ్డుకి నడిచి వస్తాడు. వెల్డరూ టైర్లాయనా చూస్తుండగా "బామ్మర్దీ, ఏం చెయ్యమంటావు?" అని అడుగుతాడు. అప్పుడు చెప్తాను, నేనే ఆసుపత్రికి తీసుకెళ్తాను. వేలు ఒకటి పోతే పోతుంది, మేస్త్రికి పోలేదా? రెండైంది, మూడైంది, నాలుగైంది. లారీ చప్పుడైనప్పుడల్లా తలెత్తాను. బావ రాలేదు.

నాలుగున్నరకి మేస్త్రి టీకి వచ్చాడు. ఆయనకి పొద్దుటి ముచ్చటంతా చెప్పాను. వేళాకోళంగానే చెప్పాను, నల్లటేపు దగ్గర నవ్వాను కూడా. మేస్త్రి గ్లాసు కింద పెట్టేశాడు.

"దిగింది ఎన్నింటికి?"

"పదిన్నరకి."

"ఆసుపత్రికి వెళ్ళాడా?"

"ఊహూ."

"నువ్వు చూశావా, దిగడం?"

నేను గేరుబాక్సు పళ్ళచక్రం ఒకటి తీసి గుడ్డతో తుడవడం మొదలుపెట్టాను.

"అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా?"

"ఆయన అడగలేదు మేస్త్రీ. చట్టం మీరు చెప్పిందేగా."

"బండికి చెప్పాన్రా నేను! మనిషికి చెప్పానా?" ఆ మూడు వేళ్ళ చెయ్యి లేచింది. కొడతాడనుకున్నాను, కొట్టించుకోవాలని కూడా అనిపించింది. కొట్టలేదు. "పరిగెత్తు" అన్నాడు.

పరిగెత్తాను. బావ ముందుగదిలో గోడకి చేరగిలబడి నేల మీద కూర్చుని ఉన్నాడు. చెయ్యి మోచేతి దాకా వాచి, తోలు నిగనిగలాడుతోంది. టేపు చిట్లిపోయింది. దాని కింద వేలు నల్లబడింది. ఎడమచేతిలో గడ్డం గీసుకునే బ్లేడు ఉంది. తన వేలు తనే కోసుకున్నాడు. పక్కన బేసినులో నీళ్ళు డీజిలు కంపు కొడుతున్నాయి.

"లోపలేదో ఉందిరా బామ్మర్దీ. నా వేలులోంచి డీజిలు వాసనొస్తోంది" అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు.

అక్క ఏడుస్తూ నా మీద పడింది. "రెండింటి నుంచీ మొత్తుకుంటున్నానురా, ఆసుపత్రికి పోదామని. నా మాట వినడే! వాడు రోజూ ఇలాంటివి చూసేవాడు, వాడే ఏం కాదన్నాడు, నీకేం తెలుసే అంటాడు."

పుట్టి బుద్ధెరిగాక ఈ మనిషి ఒక్క మెకానిక్ మాట నమ్మలేదు. నమ్మక నమ్మక ఆ రోజు నమ్మాడు, నా మాట. నేను షెడ్డులో కూర్చుని ఆయన వచ్చి అడుగుతాడని చూస్తుంటే, ఆయన ఇంట్లో కూర్చుని నేను చెప్పిన జవాబుని పట్టుకుని నొప్పి ఓర్చుకుంటున్నాడు.

ఆయన లారీలోనే తీసుకెళ్ళాను. నేను నడుపుతున్నాను, మధ్యలో ఆయన, అటు పక్క ఆయన చెయ్యి దిండు మీద పెట్టి పట్టుకుని అక్క. బండి నీళ్ళ మీద పడవలా పోతోంది. ఎత్తు ఎక్కేచోట కూడా మూలగలేదు. బావ పళ్ళు బిగపట్టుకుని, చెమటలు కక్కుతూ, "పికప్పు చూశావా?" అన్నాడు. "చూశాను బావా, భలే చేశావు" అన్నాను. రెండేళ్ళలో ఆయన్ని మెచ్చుకున్నది అదొక్కసారే.

డాక్టరు చెయ్యి చూసి, ఎన్నింటికి జరిగిందని అడిగింది. పదిన్నరకన్నాను. "ఇంతసేపు ఏం చేశారు?" అంది. అక్క నేల చూసింది. నేను గోడ చూశాను. "మధ్యాహ్నమే తెచ్చి ఉంటే వేలు కూడా దక్కేదేమో. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారు" అని లోపలికి వెళ్ళిపోయింది. రెండుసార్లు కోసి కడిగారు. మూడో రోజున మణికట్టుకి జానెడు పైన తీసేశారు.

నెలన్నర తర్వాత బావా అక్కా లారీలో షెడ్డుకి వచ్చారు. బావ చొక్కా కుడిచెయ్యి మడిచి పిన్నీసు పెట్టి ఉంది. ఎడమచేత్తో లారీ తాళాలు తీసి నా బల్ల మీద పెట్టాడు. డ్రైవరుని పెట్టుకున్నాడట, రిపేరు మాత్రం నేనే చూడాలట, ఇంకొకణ్ణి దగ్గరికి రానివ్వడట. అంతటితో ఊరుకోలేదు. వీధిలోకి తిరిగి వరసంతా వినేలా మళ్ళీ అరిచాడు. "వీడు పరిగెత్తుకు రాకపోతే నేను లేనయ్యా! ఇంకో గంట ఆగితే ప్రాణానికే ముప్పని డాక్టరే అంది. బామ్మర్దంటే వీడు!" వెల్డరు పని ఆపి నా వైపు చూశాడు. ఆ సాయంత్రం ఏం జరిగిందో వాడికి తెలుసు, మేస్త్రి అన్నది వాడూ విన్నాడు. మేస్త్రి ఇప్పుడు నా దగ్గరికి రావడం లేదు. టీ బడ్డీ దగ్గరే తాగి అటునుంచటే పోతున్నాడు.

అరవడం అయ్యాక బావ నా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించాడు.

"ఒక్కటడుగుతా, ఏమనుకోకు. ఆ రోజు భోజనాల దగ్గర... నీకు తెలీదు కదూ?"

"తెలిస్తే చెప్పనా బావా!"

"మీ అక్కతో నేనూ అదే అన్నాను" అని తేలిగ్గా నవ్వి, నా భుజం తట్టి, బండి వైపు నడిచాడు.

అక్క కదల్లేదు. ఆయన బానెట్టు దాకా వెళ్ళేవరకూ చూసి, నా వైపు తిరక్కుండానే అంది. "మొన్న మేస్త్రి ఇంటికొచ్చాడు. నువ్వు ఏ టైముకి ఎక్కడ నిలబడి ఉన్నావో కూడా చెప్పాడు."

"అక్కా, నేను—"

"నోరు ముయ్." కొంగుతో మొహం తుడుచుకుంది, కళ్ళలో మాత్రం తడి లేదు. "నా చేత్తో నీకు అన్నం పెట్టాను ఆ పూట. రెండోసారి కూర కూడా వడ్డించాను. ఆయనకి చెప్పను. నీ మీద జాలితో కాదు. చెయ్యి ఎలాగూ మొలవదు. లోకంలో ఒక్కణ్ణి నమ్మొచ్చని ఇప్పుడు నేర్చుకున్నాడు, ఆ ముచ్చట కూడా తీసేస్తే మనిషి మిగలడు. రోజూ వస్తాడు. రోజూ నిన్ను పొగుడుతాడు. నువ్వు వింటూ ఉండు."

"బామ్మర్దీ!" బానెట్టు దగ్గర నుంచి బావ కేకేశాడు. "ఒకసారి తాళాలు పట్టుకు రారా, ఇంజన్లో దారంతా ఏదో చప్పుడొచ్చింది."

"వెళ్ళు, పిలుస్తున్నాడు" అంది అక్క.

వెళ్ళాను. స్టార్టు చేసి చూశాను. అది ఫ్యానుబెల్టు చప్పుడు, ఆయనకి నాకంటే బాగా తెలుసు. అయినా నా పక్కన ఒదిగి నిలబడి, ఇదెందుకు, అదెందుకు అని ఒక్కొక్కటే అడిగాడు. నేను ఏం చెప్తే దానికల్లా తలూపాడు.